వెన్న ఎక్కడికి పోయింది?



పోయిన నెల మా పక్కింటికి పురిటికి వచ్చిన అమ్మాయిని చూసి రావడానికి వెళ్ళాను. అత్తవారిది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. బిడ్డకు మూడో నెల. బిడ్డ బాగానే ఉన్నాడు గానీ, తల్లి మాత్రం గట్టిగా గాలి వీస్తే పడిపోయేలా ఉంది. గూట్లో కొత్త పాలడబ్బా పెట్టి ఉంది. ఇంకా మూత తీయలేదు. మనవణ్ణి చూడ్డానికి వచ్చిన అత్తగారు నన్ను చూసి మొదలుపెట్టింది.

"ఈ పుల్ల మాదిరి ఒంట్లో పాలు యాడుంటాయమ్మా? వచ్చేదంతా నీళ్ళే. పైగా ఎముకలు పిండుకోని పాలిస్తాండాది. నా మాదిరి కీళ్ళు పట్టుకుంటే రేపు దీన్నెవరు సూస్తారు?"

ఆమె వేళ్ళు నిజంగానే వంకర్లు పోయి ఉన్నాయి. అట్లా బాధపడే మనిషి మాటను నవ్వి తోసెయ్యడానికి నాకు మనసు రాలేదు. ఇంటికొచ్చిన తర్వాత ఆ రెండు మాటలే బుర్రలో తిరిగాయి. బక్కచిక్కిన తల్లి పాలు నీళ్ళేనా? పాలిస్తే కీళ్ళు పోతాయా? నేను డాక్టర్ని కాను, మెట్రిక్‌తో చదువు ఆపినదాన్ని. కానీ ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెదికినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్ళ కథ వెతుక్కుంటూ పోతే అది మా అవ్వ చిలికిన చల్లకుండ దగ్గరికే వచ్చి ఆగింది.

అనంతపురం సంగతి మీకు తెలిసిందే. పడమటి కనుమలు అడ్డం నిలిచి నైరుతి వానను అటే ఆపేస్తాయి. ఈశాన్యపు వాన ఇక్కడిదాకా వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడితే అదే గొప్ప. దేశంలో జైసల్మేరు తర్వాత ఇంత తక్కువ వాన కురిసే జిల్లా ఇదేనని చిన్నప్పుడు బడిలో చెప్పేవారు. చేలో వేరుశనగ, ఇంట్లో రాగి సంగటి, కొట్టంలో ఒకటో రెండో ఎనుములు. ఎనుము పాలిచ్చే నాలుగు నెలలూ మా అవ్వ తెల్లవారుజామునే కవ్వం పట్టేది. వెన్న తీసి, కాచి, నెయ్యిని చిన్న కుండలో పోసి సంతకు పంపేది. ఆ డబ్బుతో ఉప్పు, మిరపకాయలు, బట్టలు వచ్చేవి. పిల్లలకు మిగిలేది మజ్జిగ. "నెయ్యి అమ్ముకునేది, చల్ల తాగేది" అని అవ్వ నవ్వుతూ చెప్పేది. అందులో నవ్వడానికేమీ లేదని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

సరిగ్గా ఇదే పని ఒక దేశం దేశమే చేసింది. అది డెన్మార్కు. పందొమ్మిదో శతాబ్దం చివరినుంచీ ఆ దేశం వెన్నకు పెట్టింది పేరు. వెన్నంతా ఓడలెక్కి ఇంగ్లండు లాంటి దేశాలకు పోయేది. అక్కడి పేదల ఇళ్ళలో పిల్లలకు వెన్న తీసిన పాలు, గంజి, రొట్టెమీద మార్గరిన్ అనే కృత్రిమ వెన్న. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కోపెన్‌హాగెన్‌లో బ్లోక్ అనే పిల్లల డాక్టరు దగ్గరికి కళ్ళు ఎండిపోయి, నల్లగుడ్డు మెత్తబడి, చూపు పోతున్న పసివాళ్ళు వరుసగా వచ్చారు. వాళ్ళందరి తిండీ ఒకటే, వెన్న తీసిన పాలు. అంతకు కొంచెం ముందు, 1913లో, అమెరికాలో మెకాలమ్, డేవిస్ అనే ఇద్దరు ఎలుకల మీద పరిశోధన చేసి, వెన్నలో ఏదో ప్రాణాధారమైన పదార్థం ఉందని తేల్చారు. అదే తర్వాత విటమిన్ ఏ అయింది. ఇక డెన్మార్కులో ఏం జరిగిందో వినండి. 1917లో జర్మను జలాంతర్గాములు సముద్రాన్ని మూసేశాయి. బయటికి పోవలసిన వెన్న దేశంలోనే నిలిచింది. ప్రభుత్వం దాన్ని రేషను మీద చవగ్గా అందరికీ పంచింది. ఆ మరుసటి ఏడు బ్లోక్‌గారి దగ్గరికి ఆ కళ్ళజబ్బు పిల్లలు రావడం ఆగిపోయింది! ఏ మందూ వెయ్యలేదు, ఏ ఆపరేషనూ చెయ్యలేదు. ఓడలు ఆగాయి, పిల్లల కళ్ళు నిలిచాయి.

మన దేశంలో ఈ శాస్త్రం 1918లో నీలగిరి కొండల మీద కూనూరులో ఒక చిన్న గదిలో మొదలైంది. మెకారిసన్ దొరగారు బెరిబెరి వ్యాధి మీద పరిశోధన కోసం పెట్టిన శాఖ అది. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పెట్టుకుంది. తార్నాక వైపు వెళ్ళినవాళ్ళు ఆ భవనాలు చూసే ఉంటారు. మెకారిసన్‌గారు ఎలుకలను గుంపులుగా చేసి ఒక్కొక్క గుంపుకు మన దేశంలో ఒక్కొక్క ప్రాంతం వాళ్ళ భోజనం పెట్టారు. గోధుమ రొట్టెలు, పాలు, వెన్న, పప్పు, కూరలు ఉన్న సిక్కుల భోజనం తిన్న ఎలుకలు నిగనిగలాడుతూ పెరిగాయి. మద్రాసు వైపు బియ్యపు భోజనం తిన్నవి గిడసబారిపోయాయి. మన వంటను ఎలుకలు కూడా మెచ్చలేదన్నమాట! ఆయన తర్వాత వచ్చిన ఐక్రాయిడ్‌గారు, కృష్ణన్‌గారితో కలిసి 1937 ప్రాంతంలో పిల్లలకు రోజూ వెన్న తీసిన పాలు పోయించి చూశారు. ఎత్తు, బరువు బాగా పెరిగాయి. పాలలోని మాంసకృత్తులు వెన్న తీసినా పోవు గదా. అది చవక, పొడిచేస్తే ఎంత దూరమైనా మోసుకుపోవచ్చు. కరువొస్తే పిల్లలకు పోయడానికి ఇంతకంటే ఏం కావాలని అందరూ అనుకున్నారు.

కరువు రానే వచ్చింది. 1950 తర్వాత వరుసగా వానలు తప్పి, 1952 నాటికి రాయలసీమ ఊళ్ళలో గంజి కేంద్రాలు వెలిశాయి. మా అవ్వకప్పుడు పదీ పన్నెండేళ్ళు. పొద్దున్నే తపేలా పట్టుకుని వరసలో నిలబడ్డం, గంజితోపాటు ఒక్కోరోజు తెల్లని పొడి కలిపిన పాలు పోయడం ఆమెకు బాగా జ్ఞాపకం. ఆ పాల వాసన పడక చాలామంది పిల్లలు కక్కేవారట. కక్కినందుకు పెద్దవాళ్ళు వీపుమీద ఒకటి వేసేవారట. యునిసెఫ్ సంస్థ 1949 నుంచే మన దేశంలో పని మొదలుపెట్టింది. ఆ రోజుల్లో లోకమంతటా కరువు ప్రాంతాలకు అది పంపిన పాలపొడి ఎక్కువగా వెన్న తీసినదే. ప్రాణాలు నిలబెట్టిన పాలవి. దాన్ని నేను తక్కువచేసి మాట్లాడను. కానీ డెన్మార్కు పాఠం అప్పటికే ముప్ఫై ఏళ్ళనాటిది. వెన్న తీస్తే విటమిన్ ఏ కూడా దాంతోనే పోతుందని పుస్తకాల్లో ఉంది. అసలే ఆ విటమిన్ లేక ఎండిన బిడ్డకు ఒక్కసారిగా మాంసకృత్తులు పోస్తే, ఒళ్ళు పెరగడానికి ఉన్న కాస్త నిల్వా ఖర్చయిపోయి, కళ్ళు ఇంకా త్వరగా దెబ్బతింటాయని కూడా వైద్యులు గమనించారు. ఆ పొడిలో విటమిన్ ఏ కలిపి పంపడం 1960ల మధ్యకు గానీ అలవాటు కాలేదు.

మన దగ్గర పిల్లల రేచీకటిని, కళ్ళ తెల్లభాగం మీద నురగలాంటి మచ్చలను పట్టించుకుని పనిచేసింది హైదరాబాదు సంస్థవాళ్ళే. కాలేయం విటమిన్ ఏను నెలల తరబడి దాచుకోగలదు గనుక ఒకేసారి పెద్ద మోతాదు పోస్తే చాలునని వాళ్ళు పల్లెల్లో పరీక్షించి చూపించారు. ఆ ఆధారం మీదే 1970లో, ఆరునెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఏ ద్రవాన్ని చిన్నపిల్లల నోట్లో పోసే పథకం దేశమంతటా మొదలైంది. మన పిల్లలకు నర్సమ్మ చెంచాతో పోసిన ఆ పచ్చటి మందు కథ ఇదీ.

ఇప్పుడు మా పక్కింటి అత్తగారి మొదటి ప్రశ్నకు వస్తాను. బక్కతల్లి పాలు నీళ్ళేనా?

ఈ ప్రశ్నను పట్టుకున్నది సి. గోపాలన్‌గారు. 1918లో పుట్టి, వందేళ్ళు నిండిన తర్వాత 2019లో కన్నుమూసిన పెద్దమనిషి. హైదరాబాదు సంస్థకు చాలాకాలం డైరెక్టరుగా ఉన్నారు. 1950లలో ఆయన, భవానీ బెలవాడిగారు, పేదతల్లుల పాలను కొలిచి, పరీక్షించి చూశారు. చాలీచాలని తిండి తినే తల్లులు. అయినా రోజుకు ఇంచుమించు అర లీటరు పాలు ఇస్తూనే ఉన్నారు. నెలల తరబడి ఇస్తున్నారు. ఆ పాలలో కొవ్వు నూటికి మూడున్నర పాళ్ళకు దగ్గరగా ఉంది. మాంసకృత్తులు, పాలచక్కెర కూడా బాగా తిండి తినే తల్లుల పాలకు పెద్దగా తీసిపోలేదు. తల్లి తన ఒంటి కొవ్వును కరిగించి బిడ్డ పాలలో వెన్న వేస్తోందన్నమాట! ఎనుము వెన్న సంతకు పోయింది. డెన్మార్కు వెన్న ఓడెక్కింది. తల్లి వెన్న మాత్రం ఎక్కడికీ పోలేదు.

అయితే ఇక్కడొక చిక్కుంది. దాన్ని దాచిపెట్టి ఒక్క మంచిమాటే చెబితే నేను మిమ్మల్ని మోసం చేసినట్టే. కొవ్వు వస్తుంది గానీ, అందులో విటమిన్ ఏ ఎంతుందనేది తల్లి తిన్నదాన్ని బట్టే ఉంటుంది. పేదతల్లుల పాలలో అది తక్కువని అదే పరిశోధనల్లో తేలింది. ఇక పాలకోసం కరిగిన తల్లి ఒళ్ళు ఎవరు పూడ్చాలి? గోపాలన్‌గారు జీవితమంతా చెప్పింది ఇదే, బిడ్డ బాగున్నాడని తల్లిని వదిలేయకండని. మనిళ్ళలో బాలింతకు పథ్యం పేరుతో ఆకుకూర మాన్పిస్తారు, పప్పు మాన్పిస్తారు, కారప్పొడీ అన్నమూ పెడతారు. తోటకూర, మునగాకు, బొప్పాయి, వాటితోపాటు ఒక చెంచా నూనె. నూనె ఎందుకంటే, ఆకుకూరలోని ఆ రంగుపదార్థం ఒంటబట్టాలంటే కాస్త కొవ్వు తోడు కావాలి. వేరుశనగ పండించే సీమలో బాలింతకు చెంచాడు నూనె కరువు కావడం ఏమిటో నాకు అర్థం కాదు. కాయలు కూడా నెయ్యి మాదిరే మార్కెట్టుకు పోతాయి కాబోలు.

ఇక డబ్బా సంగతి. మొదట్లో శిశువుల పాలపొడి మనకు సీమ నుంచి దిగుమతి అయ్యేది. ఆవుపాలతోనే దాన్ని చెయ్యాలి, గేదెపాలు పసిబిడ్డకు పనికిరావు అని విదేశీ నిపుణులు తేల్చేశారు. గేదెపాలలో కొవ్వు నూటికి ఆరేడు పాళ్ళుంటుంది, తల్లిపాలకు దాదాపు రెట్టింపు. మనకున్నవేమో గేదెలు. మైసూరులో 1950లో పెట్టిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయంలో సుబ్రహ్మణ్యన్‌గారు, చంద్రశేఖరగారు మొదలైనవాళ్ళు ఆ కొవ్వును తగ్గించి, పాలు బిడ్డకు అరిగేలా సరిచేసే పద్ధతి కనిపెట్టారు. 1960 నాటికి గుజరాతులో ఆనంద్‌లోని అమూల్ సహకార సంఘం ఆ పద్ధతితోనే గేదెపాలతో శిశువుల పాలపొడి తయారుచెయ్యడం మొదలుపెట్టింది. పెద్దయెత్తున ఆ పని లోకంలో అదే మొదలు. తల్లి లేని బిడ్డకు, పాలివ్వలేని స్థితిలో ఉన్న తల్లికి అదొక వరమే. నేను కాదనను.

కానీ డబ్బాలో వెన్న ఏమైందో చూడండి. ఇవాళ్టి చాలా డబ్బాల్లో కొవ్వు పాలది కాదు, పామాయిలు, కొబ్బరినూనె, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మిశ్రమం. నూనె మంచిది కాదని కాదు. 1929లో అమెరికాలో బర్ దంపతులు, భార్యా భర్తా కలిసి, కొన్నిరకాల కొవ్వులు లేకపోతే ఎలుకల చర్మం పొలుసులు లేస్తుందని కనిపెట్టారు. వెన్న తీసిన పాలే తాగిన పసిపిల్లల్లోనూ అదే జరుగుతుందని తర్వాత హాన్సెన్ అనే ఆయన చూపించారు. ఆ కొవ్వు ఈ నూనెల్లో దండిగా ఉంది. చిక్కల్లా దాని అమరికలో ఉంది. కొవ్వు కణాన్ని మూడు కొక్కేల చిలక్కొయ్య అనుకోండి. ఒక్కో కొక్కేనికి ఒక్కో ఆమ్లం వేలాడుతుంది. పామిటిక్ ఆమ్లమనేది తల్లిపాలలో ఎక్కువగా నడిమి కొక్కేనికి ఉంటుంది, పామాయిల్లో చివరి కొక్కేలకు. బిడ్డ కడుపులో ముందు విడిపోయేవి చివరివే. అట్లా విడిపోయిన పామిటిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి సబ్బులాగా గడ్డకడుతుంది. ఆ సబ్బు విరేచనంలో పోతుంది. దానితోపాటు ఎముకకు చేరవలసిన కాల్షియమూ పోతుంది. డబ్బాపాల బిడ్డలు గట్టిగా ముక్కడం మీలో చాలామంది చూసే ఉంటారు. నడిమి కొక్కేనికి తగిలించిన నూనెను ఇప్పుడు కొందరు ప్రత్యేకంగా తయారుచేసి కలుపుతున్నారు. ఏ చదువూ లేని తల్లి ఒళ్ళు చేసే పనిని అనుకరించడానికి ఎన్ని యంత్రాలు కావలసి వచ్చాయో!

నా మొదటి కాన్పులో నాకూ చీటీ మీద డబ్బా పేరు రాసిచ్చారు. మూడోరోజుకే. పాలు పడటం లేదన్న నా భయమే దానికి కారణం. ఎవరూ పక్కన కూర్చుని బిడ్డను ఎలా పట్టుకోవాలో చూపించలేదు. డబ్బా మొదలుపెట్టాక బిడ్డ రొమ్ము పట్టడం మానేసింది. పట్టకపోతే పాలు తగ్గుతాయి, తగ్గితే డబ్బా పెరుగుతుంది. మూడు నెలలకు నా పాలు ఇంకిపోయాయి. తర్వాత తెలిసింది, 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఒక నియమావళి చేసిందని, మన పార్లమెంటు 1992లో చట్టం చేస్తే అది 1993 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చిందని. డబ్బాపాలకు ప్రకటనలు కూడవు, డబ్బామీద తల్లీబిడ్డల బొమ్మ కూడదు, తల్లిపాలే శ్రేష్ఠమని డబ్బామీదే అచ్చువెయ్యాలి. నాకు చీటీ రాసిచ్చింది ఆ చట్టం వచ్చి పదేళ్ళు దాటిన తర్వాత!

మన జిల్లాలో ఇంకొక సంగతి కూడా ఉంది. పొడి కలపాలంటే నీళ్ళు కావాలి. మన బోరునీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దును దాటుతుంది. కాచి చల్లారిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. ఇంకా చిక్కబడుతుంది. 1990లలో సత్యసాయి ట్రస్టు ఏడువందలకు పైగా ఊళ్ళకు మంచినీళ్ళు తెచ్చాక చాలామందికి ఊరట కలిగింది, కాని అందరికీ కాదు. తల్లి ఆ బోరునీళ్ళే తాగినా ఆమె పాలలోకి దిగే ఫ్లోరైడు మాత్రం అతిస్వల్పం. ఆమె ఒళ్ళే వడపోత.

ఇక రెండో ప్రశ్న, కీళ్ళు. పాలకూ కీళ్ళకూ సంబంధం కొవ్వులో లేదు, రోగనిరోధక శక్తిలో ఉంది. 1892లో జర్మనీలో ఎర్లిక్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. మన చేలగట్ల మీద కనిపించే ఆముదపు గింజ, గురివింద గింజల్లోని విషాలను కొంచెం కొంచెంగా ఇచ్చి ఎలుకలను ఆ విషానికి అలవాటు చేశారు. తర్వాత మామూలు ఎలుక పిల్లలను తెచ్చి ఆ తల్లుల దగ్గర పాలు తాగించారు. ఆ పిల్లలకూ విషం ఎక్కలేదు! రక్షణ పాలలో నడిచి వచ్చింది. ముర్రుపాలను చేదని, పసుపని పిండి పారబోసే మన ఆచారం ఆ రక్షణనే పారబోస్తోంది. 1961 నాటికి స్వీడన్‌లో హాన్సన్‌గారు పాలలోని ఆ రక్షకపదార్థం ఏ రకందో కూడా తేల్చారు.

ఆ రక్షకభటులే దారితప్పి సొంత ఇంటి మీద పడితే వచ్చేది రుమటాయిడ్ కీళ్ళవాతం. 1940లో నార్వేలో వాలెర్ అనే వైద్యుడు ఆ రోగుల రక్తంలో దాని జాడ పట్టుకున్నారు. మన ఒంటి రక్షకపదార్థం మీదే యుద్ధం చేసే మరో రక్షకపదార్థం అది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. రెండు చేతుల వేళ్ళ కణుపులు వాస్తాయి, పొద్దున్నే గంటసేపు పిడికిలి బిగియదు. గర్భిణిగా ఉన్నప్పుడు చాలామందికి ఆ బాధ తగ్గుతుందని 1938లో అమెరికాలో హెంచ్‌గారు రాశారు. ఆ ఆలోచనే ముందుకు సాగి కార్టిజోన్ మందుకు, 1950లో నోబెల్ బహుమతికి దారితీసింది. కాన్పు తర్వాత కొద్ది నెలల్లో ఆ బాధ తిరగబెట్టడమూ అంతే మామూలు. మా అత్తగారి తరంవాళ్ళు చూసింది అదే. కాన్పు అయింది, పాలిస్తోంది, కీళ్ళు వాచాయి. పాలవల్లనే అనుకున్నారు.

లెక్కలు మరోలా చెబుతున్నాయి. అమెరికాలో లక్షమందికి పైగా నర్సులను ఏళ్ళ తరబడి గమనించి 2004లో ప్రకటించినదాని ప్రకారం, మొత్తం మీద ఏడాదికి మించి పాలిచ్చిన తల్లులకు ఈ వ్యాధి తక్కువగా వచ్చింది. స్వీడన్‌లో మాల్మో నగరంలో చేసి 2009లో అచ్చువేసిన పరిశోధనలో, పదమూడు నెలలూ ఆపైనా పాలిచ్చినవాళ్ళకు ముప్పు దాదాపు సగమే కనిపించింది. పాలివ్వడమే దానికి కారణమని ఇంకా రుజువు కాలేదు. ఇదివరకే ఆ జబ్బు ఉన్న తల్లి డాక్టరును అడిగే నడుచుకోవాలి. కానీ పాలిస్తే కీళ్ళు పోతాయన్న మాటకు మాత్రం ఆధారం లేదు. పాలిచ్చే నెలల్లో తల్లి ఎముకల్లో కాల్షియం నూటికి మూడు నుంచి అయిదు పాళ్ళ దాకా తగ్గడం నిజమే. బిడ్డ పాలు మానిన తర్వాత అది మళ్ళీ పూడుకుంటుంది.

మన సీమలో ఇంకొక మెలిక ఉంది. నడుము వంగదు, మెడ తిరగదు, మోకాళ్ళు బిగుసుకుంటాయి. అందరూ వాతమనే అనుకుంటారు. చాలాసార్లు అది నీళ్ళలోని ఫ్లోరైడు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో మద్రాసు పరిశోధకులు దాన్ని గుర్తించకముందు అక్కడివాళ్ళూ వాతమనే అనుకున్నారు. బిడ్డకిచ్చిన పాలమీదికి నెట్టిన నేరం బోరుదే కావచ్చు.

మొన్న ఆదివారం మళ్ళీ వెళ్ళి ఇవన్నీ అత్తగారికి చెప్పాను. ఆమెకు నమ్మకం కుదిరినట్టు లేదు. చెయ్యి చాపి వేళ్ళు చూపించి, "అయితే ఇవేందమ్మా?" అంది. ఎప్పుడైనా రక్తపరీక్ష చేయించావా అని అడిగాను. ముప్ఫై ఏళ్ళుగా నొప్పి మాత్రలు మింగడమే తప్ప ఒక్కసారీ చేయించలేదట. బుధవారం నాడు కోడలు బిడ్డకు టీకా వేయించడానికి పెద్దాసుపత్రికి వెళుతుంటే ఆమెను కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది. డబ్బా ఇంకా గూట్లోనే ఉంది, మూత తీయలేదు. వెనక్కి తీసుకుంటాడేమో కొట్టువాణ్ణి అడగమని చెప్పి వచ్చాను.